మాట మార్చని మిషను

మా బావ పోయాడు. పెద్దకర్మ నాడు షామియానా కింద కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన గొప్పతనం చెప్పారు. ఈ చుట్టుపక్కల మొట్టమొదట కంప్యూటరు తెచ్చిన మనిషన్నారు. కాలం కన్నా ముందు పుట్టాడన్నారు. ఒకాయనైతే మామిడితోటల మధ్య వెలిగిన జ్ఞానజ్యోతి అని కూడా అనేశాడు. మా అక్క పెద్దకొడుకు నా వైపు తిరిగి, "పిన్నీ, నువ్వూ రెండు మాటలు చెప్పు. నాన్న సంగతి నీకే కదా బాగా తెలుసు" అన్నాడు. బాగా తెలుసు కాబట్టే లేవలేదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు మంచి మాటలు చెప్పడం మర్యాద. ఆ మర్యాద కోసం నోరు మూసుకుని భోజనం చేసి ఇంటికొచ్చాను. మిగతాది ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. బావని ఆడిపోసుకునే హక్కు మరదలికి మనవాళ్లు ఎప్పుడో ఇచ్చారు. ఆయన పోయినంత మాత్రాన నా హక్కు పోదు.

ఆయన రసం మామిడిపండుని కోసుకుని తినేవాడు. నూజివీడు వాళ్లకి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మనిషి ఎలాంటివాడో ఇంకేమీ చెప్పక్కర్లేదు. చిన్నరసాన్ని ఎవరైనా అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచిక తీసి, మొదటి చుక్క పిండేసి నోట్లో పెట్టుకుంటారు. మా బావ ప్లేటులో పెట్టి చాకు పట్టుకునేవాడు. అది కోతకి లొంగే పండు కాదు. పీచు చాకుకి చుట్టుకునేది, రసమంతా ప్లేటులోకి కారేది. ఆ కారినదాన్ని స్పూనుతో తోడుకుని తాగుతూ, "హైజీన్ అమ్మా. ప్రతిదానికీ ఓ లాజిక్ ఉండాలి" అనేవాడు. అక్క వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసి కళ్లతోనే నవ్వేది.

లాజిక్ అనే మాట రోజుకి ఎన్నిసార్లు అనేవాడో. పప్పులో ఉప్పెక్కువైతే లాజిక్ లేదు. బస్సు ఆలస్యంగా వస్తే లాజిక్ లేదు. పెళ్లికి ముహూర్తం పెట్టుకుంటే అసలే లేదు. అలాంటి మనిషి దసరాకి తన మిషనుకి పసుపు రాసి బొట్టు పెట్టి, హారతి వెలుగు తెర మీద పడకుండా చేయి అడ్డం పెట్టుకుని మరీ దణ్ణం పెట్టుకునేవాడు. అదేంటి బావగారూ అంటే, "అది వేరే" అనేవాడు. ఆయనకి సంబంధించినవన్నీ వేరే.

ఇంజనీరింగ్ చదివాడు. విశాఖపట్నంలో ఉద్యోగం చేశాడు. పై ఆఫీసరుకి తనంత తెలివి లేదని కనిపెట్టి, ఆ ఉద్యోగం మానేసి, విస్సన్నపేట వెళ్లే దారిలో వాళ్ల నాన్నగారి మామిడితోట చూసుకోవడానికి వచ్చేశాడు. నిజానికి తోట చూసుకున్నది మా అక్క. కాయ కోతకొచ్చిందో లేదో అక్క చెప్పాలి, పురుగు మందు ఎప్పుడు కొట్టించాలో అక్క చెప్పాలి. ఆయన చేతికి బటన్లున్న గడియారం పెట్టుకుని, చెట్టు కింద నిలబడి, కాపు ఎంతో దాని మీద లెక్కకట్టేవాడు. ఊళ్లో అందరూ ఇంజనీరుగారు అనేవాళ్లు. ఆ పిలుపు వినపడితే కొంచెం మెడ నిక్కేది.

ఎనభైల మధ్యలో ఆయన బొంబాయి వెళ్లి కంప్యూటరు తెచ్చాడు. ఇప్పటి పిల్లలు చూస్తే అది కంప్యూటరు అంటే నమ్మరు. అక్షరాల బటన్లున్న ఓ పలక, అంతే. దాన్ని టీవీకి తగిలించాలి. ప్రోగ్రాము క్యాసెట్లో ఉండేది. టేప్‌రికార్డరులో వేస్తే ఇల్లంతా కీచుమని అరిచి, కాసేపటికి తెర మీద అక్షరాలు వచ్చేవి. కరెంటు పోతే దానిలోది మొత్తం పోయేది, మళ్లీ మొదట్నించీ క్యాసెట్టు అరిపించాలి. నేను అప్పట్లో నూజివీడులో బడిపిల్లలకి లెక్కలు చెబుతూ అక్క వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ఎండాకాలం ఫ్యాను మిషను వైపు తిరిగి ఉండేది. మనుషులం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. ఆదివారం టీవీలో సినిమా చూద్దామని అక్క పనంతా ముగించుకుని వస్తే, తెర మీద అంకెలు దొర్లుతూ ఉండేవి.

ఇక్కడ బోరు సంగతి చెప్పాలి. అప్పట్లో తోటకో బోరు లేదు. మా బావ తోట గట్టున ఉన్న ఒక్క బోరుకి ఎనిమిది మంది భాగస్తులు. ఏడుగురు తోటలున్న రైతులు. ఎనిమిదో మనిషి నాగరత్నం, కూలికెళ్లే మనిషి. భర్త పోయాక, పట్టాగా వచ్చిన ఎకరం మెరకలో మామిడి అంట్లు వేసుకుంది. గొట్టాలు పూడ్చడానికి కాలవ తవ్వే పనంతా ఆవిడా, ఆవిడ తోడికోడలూ చేసినందుకు భాగం ఇచ్చారు. ప్రతి మొక్కకీ పడమటి ఎండ తగలకుండా తాటాకు గుచ్చి, చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేది. అవి నాలుగేళ్లు బతికితే కాపుకొస్తాయి. కాపుకొస్తే ఇంకొకళ్ల తోటలో బుట్టలు మోయక్కర్లేదు. ఆవిడ ఆశంతా ఆ ఎకరం మీదే.

ఎండాకాలంలో బోరు నుంచి వారానికో విడత నీళ్లు. కరెంటున్న పూటల్లో ఒకరి తర్వాత ఒకరు తడి పెట్టుకోవాలి. మొదటి ముగ్గురు నలుగురికి నీళ్లు ధారగా వచ్చేవి. పోనుపోను సన్నబడేవి. చివరి మనిషి దగ్గరికొచ్చేసరికి గొట్టం గాలి కక్కేది. మళ్లీ ఊట చేరేదాకా మోటారు ఆపేయాల్సిందే. అంటే ప్రతి విడతలోనూ ఎవరో ఒకరికి తడి లేనట్టే.

అందుకని విడతవిడతకీ చీటీలు వేసేవాళ్లు. దానికో పద్ధతుంది. ముందు ఖాళీ కుండ బోర్లించి అందరికీ చూపించాలి. పేర్ల చీటీలు వేశాక ఎనిమిది మందీ ఒక్కొక్కరూ కుండని తమ చేత్తో కుదపాలి. ఒక్క చేయి తక్కువైనా తీయనిచ్చేవాళ్లు కాదు. ఆ తర్వాత దారిన పోతున్న ఎవరినో పిలిచి ఒక్కో చీటీ తీయించేవాళ్లు. ఓ వారం పక్క తోట కోటయ్యగారు చివరొచ్చేవారు, ఓ వారం మా బావ, ఓ వారం నాగరత్నం. పెద్దచెట్టుకి ఒక తడి తప్పితే నాలుగు పిందెలు రాలతాయి. అంటుమొక్క కూడా ఒక తడి తప్పితే ఓర్చుకుంటుంది. వరసగా తప్పితే ఓర్చుకోదు.

మా బావకి ఆ కుండంటే పరమ అసహ్యం. "ఇరవయ్యో శతాబ్దం అయిపోవస్తోంది, ఇంకా కుండేంటండీ, కుదపడమేంటండీ" అని అందరినీ ఇంటికి పిలిచాడు. రైతులు హాల్లో కూర్చున్నారు, నాగరత్నం వసారాలో స్తంభం పక్కన నిలబడింది. క్యాసెట్టు అరిచింది, ఎనిమిది పేర్లూ కొట్టాడు, తెర మీద వరస వచ్చింది. అక్కడితో ఆపితే బాగుండేది. గొప్ప చూపించుకోకుండా ఉండలేడు కదా. "ఇంకోసారి చూడండి" అని మళ్లీ నొక్కాడు. వేరే వరస వచ్చింది.

కోటయ్యగారు కండువాతో మొహం తుడుచుకుని అడిగారు. "ఇంజనీరుగారూ, ఇందాక నాది మూడో పేరండీ. ఇప్పుడు ఆరోది. రెండిట్లో ఏది నిజం?"

"రెండూ నిజమేనండీ. అది ర్యాండమ్. ఎప్పుడేం చెబుతుందో దానికే తెలీదు."

"దానికే తెలీంది మనకెందుకండీ? మాట మీద నిలబడని మనిషినే నమ్మం, మిషన్ని నమ్మమంటారేంటి?"

అందరూ గొల్లుమన్నారు. కుండని మళ్లీ కుదిపి తీసినా వేరే పేరే వస్తుందని అక్కడున్న ఏ ఒక్కరికీ తోచలేదు. కుండలోంచి ఎవరూ రెండోసారి తీయరు కదా. మా బావ ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. చెవులు ఎర్రబడ్డాయి, టీవీ కట్టేసి లోపలికి పోయాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాతి వారం మళ్లీ పిలిచాడు. ఈసారి మనిషి హుషారుగా ఉన్నాడు. మిషను స్విచ్చి తీసేసి, వైరు కూడా పీకి చేత్తో పట్టుకుని చూపించాడు. "చూశారా, దీని కడుపులో ఇప్పుడేమీ లేదు. ఖాళీ" అన్నాడు. మళ్లీ తగిలించి, క్యాసెట్టు వేసి, పేర్లు కొట్టాడు. వరస వచ్చింది. స్విచ్చి తీసేసి, ఇంకోసారి అంతా మొదట్నించీ చేశాడు. అచ్చం అదే వరస. మూడోసారీ అదే.

"ఇదీ మాటంటే!" అన్నారు కోటయ్యగారు. ఆయన పేరు రెండోది. చప్పట్లు కూడా కొట్టారు. లెక్క ఎన్నిసార్లు చేసినా ఒకే జవాబొస్తే అది సరైన లెక్క. నేను పిల్లలకి చెప్పేదే. కానీ చీటీ లెక్క కాదు. ఈ తేడా తెలియాల్సిన ఒక్క మనిషి ఆ హాలు మధ్యలో నిలబడి చప్పట్లు అందుకుంటున్నాడు. మూడుసార్లూ చివరి పేరు నాగరత్నానిదే.

పై వారం అదే వరస. ఆపై వారమూ అదే. అయినా తంతు మాత్రం తప్పలేదు. వైరు పీకడం, ఖాళీ అని చూపించడం, క్యాసెట్టు అరుపు, కొత్తగా వస్తున్నట్టు పేర్లు పైకి చదవడం. ముందు వరసలో ఉన్నవాళ్లు కాఫీలు తాగి వెళ్లిపోయేవాళ్లు. మధ్యలో ఉన్నవాళ్లకి సన్నగానైనా నీళ్లొస్తున్నాయి కాబట్టి వాళ్లకీ అభ్యంతరం లేదు. నాగరత్నం విషయానికొస్తే, పాపం దాని జాతకం అలా ఉందన్నారు. మిషను వచ్చాక జాతకాలు పోతాయని మా బావ చెప్పేవాడు.

ఒకరోజు ఆవిడే వచ్చింది. వసారా దాటి లోపలికి రాలేదు.

"బాబుగారూ, ఇన్ని విడతలైందండీ, నా గొట్టంలో గాలి తప్ప ఏం రాలేదండీ."

"మిషనుకి నీ మీద కోపమేముంటుంది నాగరత్నం? దానికి కులం లేదు, చుట్టరికం లేదు. అసలు నువ్వెవరో కూడా దానికి తెలీదు."

"నేనెవరో తెలీకుండానే ప్రతిసారీ నన్నే ఎట్టా పట్టుకుంటందండీ?"

మా బావ నవ్వాడు. చిన్నపిల్లలకి చెప్పేటప్పుడు నవ్వే నవ్వు. "రూపాయి బిళ్ల ఎగరేస్తే వరసగా బొరుసే పడొచ్చు. దాన్ని ప్రాబబిలిటీ అంటారు. ఓపిక పట్టు, నీ వంతూ వస్తుంది."

"ఈ ఒక్కసారి నా పేరు కొంచెం ముందుకి జరపండి బాబుగారూ. మొక్కలు తల వాల్చేస్తన్నాయి."

"అబ్బెబ్బే, మిషనుకి సిఫార్సులుండవు" అన్నాడు గర్వంగా. ఆ గర్వం తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను సూటిగా అడిగాను. వరస ఒక్కసారైనా ఎందుకు మారడం లేదని. ఆయన దాచుకోలేదు. దాచుకోవాల్సిన విషయమని కూడా అనుకోలేదు.

"మొదట్లో ప్రోగ్రాములో ఓ లైనుండేదమ్మా. మిషను ఆన్ చేసి ఎంతసేపైందో చూసుకుని, దాన్ని బట్టి ప్రతిసారీ వేరే చోట నుంచి అంకెలు మొదలుపెట్టమని చెప్పే లైను. తీసేశాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? దాని వల్లే కదా ఆ రోజు అందరి ముందూ పరువు పోయింది! ఇప్పుడు ఆన్ చేసిన ప్రతిసారీ ఒకే చోట మొదలవుతుంది, అవే అంకెలొస్తాయి. ఎంత స్టెడీగా ఉందో చూశావు కదా."

"అయితే అవి చీటీలెలా అవుతాయి బావగారూ? పోయిన వారం కుండలో చీటీలు ఎలా పడున్నాయో, కుదపకుండా ఈ వారమూ అలాగే తీస్తున్నారు. వైరు పీకి ఖాళీ అని చూపిస్తే సరిపోయిందా? కుదిపేదెవరు?"

"నీకు ప్రోగ్రామింగ్ తెలీదు" అన్నాడు.

"పోనీ ఆ లైను మళ్లీ పెట్టండి" అంది అక్క, మజ్జిగ పోస్తూ.

"పెట్టి, కోటయ్యగారికి ఏం చెప్పను? ఇన్ని వారాలూ తప్పు చేశానని చెప్పనా?"

ఆయనకి అసలు బాధ అక్కడుంది. మొక్కలు చచ్చిపోవడం, ఒక ఆడమనిషి నాలుగేళ్ల ఆశ ఎండిపోవడం, ఇవి ఆ లెక్కలోకి రావు. నేను ఊరుకోలేదు. ఆ వారమే హాల్లో అందరి ముందూ నిలబడి చెప్పాను, ఇవి చీటీలు కావు, ఈ మిషను ప్రతిసారీ మొదటి రోజుకే తిరిగి వెళుతోంది, కుండ తెప్పించండి అని. మా బావ కిటికీలోంచి బయటికి చూశాడు. కోటయ్యగారు మాత్రం, "మాట మార్చని మిషనుకి వంక పెడతావేంటమ్మా పంతులమ్మా?" అన్నారు. రెండో పేరు మనిషికి ఆ మిషనులో లోపం ఎక్కడ కనిపిస్తుంది? మిగతావాళ్లు కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. వసారాలో స్తంభం పక్కన ఉన్న మనిషి వైపు ఒక్కరూ చూడలేదు.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మా బావ దొంగ కాదు. ఆ వరసలో ఆయన పేరు నాలుగోది, తనకోసం ఏమీ మిగుల్చుకోలేదు. దొంగైతే నేను ఇంత అసహ్యించుకునేదాన్ని కాదేమో. దొంగకి ఏదో ఒక అవసరం ఉంటుంది. ఈయనకి చప్పట్లు తప్ప ఏ అవసరమూ లేదు. వాటికోసం ఓ మనిషి ఎకరాన్ని ఎండబెట్టాడు.

నాగరత్నమూ తోడికోడలూ మంచినీళ్ల పంపు నుంచి బిందెలతో మోశారు కొన్నాళ్లు. తాగడానికి లేకపోతే మొక్కలకి పోస్తారా అని పంపు దగ్గర గొడవైంది. ఒకరోజు బడి నుంచి వస్తూ ఆ చేలోకి వెళ్లాను. తాటాకులు మాత్రం నిటారుగా ఉన్నాయి. వాటి నీడలో ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. ఆవిడ ఓ మొక్క మొదట్లో గోటితో బెరడు గీకి చూస్తోంది, లోపల పచ్చగా ఉందో లేదో అని. నన్ను చూసి, "దీనికి ఇంకా పేణం ఉందమ్మా" అంది. పక్క మొక్కని గీకలేదు.

మే నెలాఖరులో భాగస్తుల్లో ఒకాయన తమ్ముడితో వాటాలు పంచుకున్నాడు. తమ్ముడి పేరూ చేర్చాల్సి వచ్చింది. తొమ్మిది పేర్లు. ఆ రోజు పొద్దున్నే అందరూ చేరారు. మా తోటలో ఆఖరి కోత జరుగుతోంది, నాగరత్నం కూడా కూలికొచ్చి కాయల బుట్టలు వసారాలో దింపుతోంది. మా బావ యథాప్రకారం వైరు పీకి చూపించి, క్యాసెట్టు అరిపించి, పేర్లు కొట్టి, తెర మీద చూస్తూ గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. ఒక పేరు పెరగడంతో వరసంతా మారిపోయింది. ఎనిమిది పేర్లు చదివాడు. తొమ్మిదోది చదవలేదు. మిగిలింది ఆయనే.

తర్వాత గొంతు సవరించుకుని, "ఓల్టేజీ ఎగుడుదిగుడుగా ఉందండీ. ఇది చెల్లదు" అన్నాడు. తెర కనపడకుండా వీపు అడ్డం పెట్టి కూర్చుని ఏదో కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆ లైనే. వారాల తరబడి బతిమాలినా, పోట్లాడినా పెట్టని లైను. పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

మళ్లీ నొక్కాడు. మొదటి పేరు నాగరత్నం. తనది మూడోది. చివర కోటయ్యగారు.

"ఇదేంటండీ ఇంజనీరుగారూ, మాట మార్చదన్నారు?" అన్నారు కోటయ్యగారు.

"ఇంప్రూవ్ చేశానండీ. పాతదాంట్లో చిన్న లోపం ఉంది" అన్నాడు మా బావ. నా వైపు చూడకుండా లేచి వసారా గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆ మొహంలో ఎంత దయో! "నాగరత్నం, విన్నావా? మొదటి పేరు నీదే. ఓపిక పట్టమన్నానా లేదా?"

ఆవిడ తలమీది బుట్ట దించింది. చుట్టకుదురు విప్పి, దులిపి, మళ్లీ చుట్టింది.

"ఆ నీళ్లు మీ తోటకే పెట్టుకోండి బాబుగారూ" అంది. "నా చేలో తాగేవి ఏం మిగల్లేదండీ."

గొంతు పెంచలేదు. ఖాళీ బుట్ట తీసుకుని తోటలోకి వెళ్లిపోయింది. కోటయ్యగారు కండువా దులుపుకున్నారు. అక్క వంటింటి గుమ్మంలోంచి, నలుగురికీ వినపడేలాగే, "ఆ నీళ్లు మనకి వద్దనండి" అంది.

మా బావ అక్కని చూశాడు. బటన్ల గడియారం చూసుకున్నాడు.

"కరెంటు వేస్టవుతోంది, మన తోటకి మోటారు వెయ్యమను" అన్నాడు.